రెండుసార్లు లెక్కకొచ్చిన చేప

ఆనకట్ట పక్కన నేలమాళిగలో
తలుపంత అద్దం ముందు నా కుర్చీ.
అద్దానికి అవతల నది.
నది అంటే, మెకాంగు నుంచి ఎదురెక్కే చేపల కోసం
మెట్లుమెట్లుగా కట్టిన కాలువలో
వంకర్లు తిరిగి దిగే కొంచెం నది.
రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా
ఎగువకి దాటిన ప్రతి చేపకీ ఒక గీత.
ఐదో గీత నాలుగింటి మీద అడ్డంగా.
ఇదీ నా ఉద్యోగం.

మా నాన్న బున్‌హోమ్ నవ్వుతాడు.
"చేపని చూసి కూడా పట్టనందుకు
జీతమిచ్చే రోజులొచ్చాయే" అంటాడు.
ఆయన వల అల్లే సూది
కొత్తింటి వాసంలో గుచ్చి ఉంది.
కొత్తిల్లు అంటే కంపెనీ ఇల్లు, పదహారో నంబరు.
పాత ఊళ్లో ఇళ్లకి నంబర్లు లేవు,
రేవుకి ఎన్ని అడుగులో అదే చిరునామా.
అమ్మ చేపల జాడీ ఇంకా నిండుతుంది,
సంతలో తెచ్చినవాటితో.
కొన్న చేప ఉప్పు పట్టదంటుంది.

అబద్ధం ఎందుకు?
కరెంటు వచ్చిన ఏడే
ఆసుపత్రిలో టీకాల ఫ్రిజ్ గుర్రుపెట్టడం మొదలెట్టింది.
మా అక్క వన్‌సై మొదటి కాన్పుకి
మంత్రసాని టార్చిలైటు పళ్లతో కరిచిపట్టుకుంది.
రెండోది తెల్లటి దీపం కింద.
ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతోంది.
దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆనకట్టని తిట్టడం
నా వల్ల కాదు.

ఆ తీగలు మాత్రం
మా వరిమళ్ల మీదుగా, మా కప్పుల మీదుగా
గుట్ట దాటి, సరిహద్దు దాటి పోతాయి.
అక్కడెవరో తలుపులన్నీ మూసుకుని
మా నది చల్లదనంలో నిద్రపోతారు.
పడుకోనీ.

పోయిన నెల అతిథులొచ్చారు,
హెల్మెట్లకి ఒక్క గీతైనా పడనివాళ్లు.
మాటిమాటికీ ఒక మాట అన్నారు.
"సుస్థిరం, అంటే నిలకడగా ఉండేది" అన్నాడు దుభాషి.
నిలకడ అంటే మా అమ్మ పడవలో నిలబడటం.
నీరు కదిలినప్పుడల్లా మోకాలు కదలాలి,
బిర్రబిగిసినవాడే ముందు మునుగుతాడు.
ఈ ముక్క దుభాషికి చెబుదామనుకున్నా.
అప్పటికే కాఫీలొచ్చాయి.

తొలి ఎర్రనీళ్లు దిగిన రాత్రి
రెండున్నరకి
మీసం తెగిన పెద్ద జెల్ల ఒకటి
అద్దం ముందు ఆగింది.
నన్ను చూడలేదు, దీపాన్ని చూసింది కాబోలు.
తోక ఒక్కసారి విసిరి ఎగువకి పోయింది.
గీత గీశాను.

నాలుగింటికి మళ్లీ దిగువ నుంచి
అదే తెగిన మీసం.

గుడ్లు పెట్టే రాళ్లగుంటలు
ఇరవై బారల లోతున బురద కింద ఉన్నాయని
దానికెవరు చెబుతారు?
పారే నీటికోసం పోయి
నిలిచిన నీటిలో దారితప్పి
వరద తలుపుల మీంచి జారిపడి
మొదటి మెట్టు నుంచి మళ్లీ ఎక్కింది.

రూలు రూలే. రెండో గీత గీశాను.
రిపోర్టులో అవి రెండు చేపలు.
గ్రాఫులో కొంచెం పైకి లేచిన చుక్క.
రాజధానిలో ఎవరో ఆ చుక్క చూసి
ఊపిరి పీల్చుకుంటారు.

కాగితం చివర ఒక గడి ఉంటుంది, "ఇతర విషయాలు" అని.
మూడేళ్లుగా అందులో "లేవు" అనే రాస్తున్నా.
ఆ పూట రాశాను:
అదే చేప. మీసం తెగింది. అలసినట్టుంది.

శుక్రవారం ఇంజనీరు ఫొన్‌సక్ పిలిచాడు.
కాగితం రెండుసార్లు చదివాడు.
తిడతాడనుకున్నా.
"ఇలా ఎన్ని ఉంటాయి?" అన్నాడు.
"నాకు మీసం కనబడింది గనక ఒకటి" అన్నాను.
చాలాసేపు కిటికీలోంచి తూములకేసి చూశాడు.
తర్వాత తెల్లకాగితం తీసి
స్కేలు దొరక్క, మెళ్లో కార్డు అంచుతో
గడులు గీశాడు:
పైకి వెళ్లినవి. కిందికి జారినవి.
రెండోదానికి చోటు ఎక్కువ వదిలాడు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను.
నమలడం ఆపేశాడు.
"తెగింది కుడి మీసమా, ఎడమదా?"

గమనించలేదు.
ఈ రాత్రి చూడాలి.